తొమ్మిదో లైను

దర్జీ పడిపోయింది సోమవారం పొద్దున పది గంటల పది నిమిషాలకి. మిషను ముందు కూర్చుని చొక్కాకి చెయ్యి కుడుతున్నాడు. మాట ముద్దగా వచ్చింది, కుడిచెయ్యి బట్ట మీంచి జారింది. పది పన్నెండుకి భార్య అంబులెన్సుకి ఫోన్ చేసింది. పది పద్నాలుగుకి కంట్రోల్ రూమ్ ఆపరేటరు వాళ్ల పేటలో ఉన్న అంబులెన్సు స్టేషనుకి కబురు పంపింది. స్టేషను నుంచి దర్జీ ఇంటికి ఏడు నిమిషాల దారి. అంబులెన్సు స్టేషను గేటు దాటింది పది ముప్ఫై ఏడుకి.

మధ్యలో ఇరవై మూడు నిమిషాలు. దర్జీ బతికాడు. కుడిచెయ్యి లేవడం లేదు. ఓ ఇరవై నిమిషాలు ముందు తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదేమో అని డాక్టరు అన్నాడు. ఆ 'ఏమో'ని దర్జీ భార్య లెక్కలోకి తీసుకోలేదు.

మంగళవారం అంబులెన్సు డ్రైవరుని డ్యూటీలోంచి తప్పించారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి విచారణ అని కాగితం ఇచ్చారు. అందులో రెండు ఆరోపణలు ఉన్నాయి. స్క్రీన్ మీద కబురు వచ్చినా కదలలేదన్నది ఒకటి. పది ముప్ఫైకి ఆపరేటరు స్టేషనుకి ఫోన్ చేస్తే ఎత్తలేదన్నది రెండు. రుజువైతే ఉద్యోగం తీసేస్తారని కింద రాసి ఉంది.

డ్రైవరు చెప్పింది ఒకటే. స్క్రీన్ మోగలేదు, ఫోన్ మోగలేదు, మోగిన నిమిషంలో బండి తీశాను. అతనితో పాటు బండిలో వెళ్లే నర్సు కూడా అదే చెప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు వెనకేసుకొస్తున్నారని పైవాళ్లు రాసుకున్నారు. పైగా డ్రైవరు ఫైల్లో పాత మచ్చ ఒకటి ఉంది. ఆరేళ్ల కిందట డ్యూటీలో నిద్రపోతూ దొరికాడు.

డ్రైవరుకి ఒక అక్క ఉంది. కంట్రోల్ రూమ్ ఉన్న బిల్డింగులోనే, రెండో అంతస్తులో ఆమె ఆఫీసు. కంట్రోల్ రూమ్ నుంచి పన్నెండు స్టేషన్లకి కబుర్లు, ఫోన్లు ఏ దారిన వెళ్లాలో నిర్ణయించే రూటర్లు ఆమె చూస్తుంది. పదకొండేళ్లుగా అదే పని. బిల్డింగులో అందరూ రూటక్క అంటారు, ఆమె కన్నా పెద్దవాళ్లు కూడా.

మంగళవారం తమ్ముడు ఫోన్ చేసి సంగతి చెప్పగానే రూటక్క అడిగిన మొదటి మాట ఇది.

"నిద్రపోయావా?"

తమ్ముడు "నువ్వూనా" అని పెట్టేశాడు. తర్వాత ఆమె ఆరుసార్లు చేసింది. ఏడోసారి మరదలు ఎత్తి, ఆయన బట్టలు ఉతుకుతున్నాడు వదినా అంది. పొద్దున్నించీ ఉతుకుతున్నాడా అని రూటక్క అడిగింది. మీ మీద కోపమొస్తే దుప్పట్లు కూడా తీస్తాడు, నాకు పని తప్పింది అంది మరదలు. అన్నాక ఇద్దరూ నవ్వలేదు.

బుధవారం రూటక్క ఆఫీసుకి కోపంగానే వచ్చింది. కోపం తమ్ముడి మీద. నిద్రపోతే పోయానని చెప్పి ఏడవాలి గానీ మోగలేదు, గీగలేదు అని ఈ కథలేమిటి. వాడు చెప్పేది అబద్ధమని ముందు రుజువు చేసి వాడి మొహాన పెట్టి, తర్వాత ఎవర్ని బతిమాలాలో చూద్దామనుకుంది. సోమవారం పొద్దుటి రికార్డులు తెరిచింది అందుకే.

కంట్రోల్ రూమ్ రికార్డులో ఆ కబురు పక్కన 'పంపాం' అని ఆకుపచ్చ అక్షరాలున్నాయి. ఆ పచ్చరంగు చూసే ఆపరేటరు తర్వాతి కాల్ ఎత్తింది. ఆ పచ్చరంగు చూసే, పది ఇరవై అయిదుకి దర్జీ భార్య రెండోసారి ఫోన్ చేసినప్పుడు, "బండి బయల్దేరిందమ్మా, దారిలో ఉంది" అని చెప్పారు. కానీ ఆ పచ్చరంగుకి అర్థం, కబురు ఈ బిల్డింగు గుమ్మం దాటిందని మాత్రమే. అవతల చేరిందని కాదు. ఈ తేడా తెలిసినవాళ్లు బిల్డింగులో నలుగురుంటారు. రూటక్క వాళ్లలో ఒకతి.

ఆ స్టేషనుకి రెండు దారులున్నాయి. ఒకటి భూమిలో వేసిన ఫైబర్. రెండోది ఈ బిల్డింగు డాబా మీద పెట్టిన రేడియో డిష్షు. దానికి జోడీ డిష్షు స్టేషను డాబా మీద ఉంది. అంతా ఫైబర్ మీదే వెళ్లాలి. ఫైబర్ తెగితే రేడియో అందుకోవాలి. తెగనన్నాళ్లూ రేడియో ఖాళీగా కూర్చోవాలి.

ఆమె ఫైబర్ సంగతి చూసింది. సోమవారం అంతా నిక్షేపంగా ఉంది. ఒక్క క్షణం కూడా తెగలేదు. అయితే వాడు పడుకున్నాడన్నమాట అనుకుంది. స్క్రీన్ మూసేయబోతుంటే పక్క గడిలో సున్నా కనిపించింది. ఫైబర్ బాగుంది, కానీ దాని మీద ఏమీ వెళ్లడం లేదు. ఆదివారం సున్నా. అంతకుముందు వారం సున్నా. వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఏడు వారాలు సున్నా.

రూటరు దగ్గరికి వెళ్లి దాని దారుల పట్టీ తెరిచింది. ఆ స్టేషను ఎదురుగా రేడియో అని ఉంది. దాని పక్కన ఒకటి అనే అంకె.

రూటరుకి దారి రెండు రకాలుగా తెలుస్తుంది. పక్క రూటర్లని పది సెకన్లకోసారి పలకరిస్తూ, జవాబు వస్తోందో లేదో చూసుకుంటూ తనంతట తాను తెలుసుకునే దారి ఒకటి. మనిషి చేత్తో రాసిపెట్టే దారి ఇంకొకటి. ఒక్కో దారికీ ఒక అంకె ఉంటుంది. అంకె ఎంత తక్కువైతే రూటరుకి ఆ దారి మీద నమ్మకం అంత ఎక్కువ. తను తెలుసుకున్న దారికి నూట పది. మనిషి రాసినదానికి, వేరే అంకె ఇవ్వకపోతే, ఒకటి. మనిషి మాటంటే దానికి అంత గురి. రేడియో దారిని చేత్తో రాసేటప్పుడు చివర రెండు వందల యాభై అని కొట్టాలి. అప్పుడది ఫైబర్ కన్నా కింద ఉంటుంది, ఫైబర్ పోతేనే పైకి వస్తుంది. చివర ఆ అంకె కొట్టకపోయినా రూటరు తప్పు పట్టదు. ఒకటి అనుకుని తీసుకుంటుంది. అప్పుడు ఫైబర్ ఎంత బాగున్నా దాని మొహం చూడదు. చేత్తో రాసిన దారి కాబట్టి, అవతలివాళ్లు ఉన్నారా పోయారా అని ఎవర్నీ పలకరించదు కూడా.

ఏడు వారాల కిందట కీబోర్డు మీద ఆ లైను కొట్టింది రూటక్క.

ఆమె స్టేషనులోని రూటరు తనంతట తాను రాసుకునే డైరీ తెప్పించి చూసింది. రేడియో నుంచి వచ్చే వైరు సోమవారం తొమ్మిది యాభై ఒకటికి ఊడింది. పది ముప్ఫై ఆరూ ఇరవై సెకన్లకి తిరిగి తగిలింది. స్టేషను వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. రంగులేసేవాళ్లు వచ్చారమ్మా, పైన వైరు నిచ్చెనకి అడ్డమొస్తోందని పీకారు, మళ్లీ పెట్టేశారుగా అన్నాడు. పీకేముందు ఎవరినైనా అడిగారా అంది. అది దేనికీ పనిచెయ్యదని, ఊరికే స్పేర్‌దని ఆఫీసువాళ్లే చెప్పారు కదమ్మా అన్నాడు వాచ్‌మన్. నిజమే. ఆ మాట చెప్పింది కూడా ఆమే.

వైరు తగిలాక, ఆగిపోయిన కబురు ఒక్కసారిగా స్టేషనులో మోగింది. ఆ తర్వాత నలభై సెకన్లలో బండి గేటు దాటింది. ఫోన్ కూడా అదే దారిన వెళ్లేది కాబట్టి పది ముప్ఫైకి మోగలేదు. తమ్ముడు చెప్పిన మూడు ముక్కలూ నిజం.

రూటక్కకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ముందు తన మీదే మండింది. తర్వాత ఆ లైన్లు రాసి ఉన్న మార్పుల ఫైలు తీసింది. అప్పుడు తమ మేనేజరు మీదికి మళ్లింది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. రూటర్లలో ఏ మార్పు చేసినా ఒక్కరే చెయ్యకూడదు. కొట్టాల్సినవన్నీ ముందు కాగితం మీద ప్రింటు తీస్తారు. ఒకరు కాగితం చూసి పైకి చదువుతారు, ఇంకొకరు కొడతారు. కొట్టేవాళ్లు కాగితం చూడరు, చదివేవాళ్లు స్క్రీన్ చూడరు. లైను పూర్తయ్యాక చదివినవాళ్లు పక్కన టిక్కు పెడతారు. రెండు కళ్ల జతలు ఉంటే తప్పు దొర్లదని మేనేజరు పెట్టిన పద్ధతి అది. రూటక్కకి ఈ పని నేర్పింది కూడా ఆయనే.

ఏడు వారాల కిందట చదివింది మేనేజరు. మొత్తం ముప్ఫై ఒక్క లైన్లు. తొమ్మిదో లైను పొడుగ్గా ఉండటంతో కాగితం మీద ఒక వరసలో పట్టలేదు. చివరి అంకె కింద వరసలోకి దిగి, ఎడమవైపు ఒంటరిగా ఉంది. రెండు వందల యాభై. లైను పక్కన ఆకుపచ్చ ఇంకుతో టిక్కు ఉంది. ఆ ఇంకు బిల్డింగులో ఒక్కరే వాడతారు.

ఆమెకి ఆ పొద్దు గుర్తొచ్చింది. ఆయన పై వరస చదివాడు. జేబులో ఫోన్ మోగింది. "ఆ, చెప్పండి సార్" అంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఎంటర్ కొట్టింది. ఆయన తిరిగి వచ్చి టిక్కు పెట్టి, పదోది చదవడం మొదలుపెట్టాడు. ఆయన మొత్తం చదివేశాననుకున్నాడు. ఆమె మొత్తం విన్నాననుకుంది. రెండు కళ్ల జతలూ చెరో వైపు చూస్తున్నాయి.

లైను అలా ఉన్నంతసేపూ ఆ పేట మొత్తం డాబా మీది వైరుకి వేలాడుతున్నట్టే. కానీ సరిచేస్తే సోమవారం ఏముందో చూపడానికి రూటరులో ఏమీ మిగలదు. రూటక్క దారుల పట్టీ ప్రింటు తీసింది. కింద అంతస్తు నుంచి ఆపరేటరుని పిలిచింది. సోమవారం కబురు పంపిన అమ్మాయే. రెండు రోజులుగా అన్నం సహించట్లేదని ఆ అమ్మాయి అందరితో చెబుతోంది.

"ఈ వరసలో ఏముందో చదివి, టైమేసి సంతకం పెట్టు."

ఆపరేటరు చదివింది. "రేడియో. ఒకటి. ఒకటంటే ఏంటి రూటక్కా?"

"నా తలకాయ" అంది రూటక్క. "సంతకం పెట్టు."

ఆ తర్వాత సరైన లైను కాగితం మీద పెద్దగా రాసి, ఆ అమ్మాయి చేత చదివించుకుని కొట్టింది. రేడియో కిందికి దిగింది, ఫైబర్ పైకి వచ్చింది. అరనిమిషం కూడా పట్టలేదు.

మేనేజరు గదికి ఫైలుతో వెళ్లింది. ఆయన కాగితం చూశాడు. టిక్కు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. సరిచేశావా అని అడిగాడు. చేశానంది. మంచి పని చేశావన్నాడు. తర్వాత టేబులు సొరుగులోంచి రేపటి విచారణకి ఇవ్వాల్సిన రిపోర్టు తీశాడు. అందులో రెండే వాక్యాలు. సోమవారం ఫైబర్ నిరంతరాయంగా పనిచేసింది. కంట్రోల్ రూమ్ నుంచి కబురు పది పద్నాలుగుకి వెళ్లింది. కింద రెండు సంతకాలకి చోటు ఉంది, ఒకటి మేనేజరుది, ఒకటి రూటర్లు చూసేవాళ్లది. ఆయనది అప్పటికే ఉంది.

"ఇందులో అబద్ధం ఏదో చూపించమ్మా" అన్నాడు.

అబద్ధం లేదు. ఆమెకి మండింది అక్కడే. తప్పు లెక్క రాస్తే కొట్టేయొచ్చు. ఇది ఒప్పు లెక్క. అడగని ప్రశ్నకి జవాబు.

ఆయన తొందరపడలేదు. ఇలాంటి కాగితం బయటికి వెళితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నాడు. డ్రైవరు మీద పాత మచ్చ ఉంది కాబట్టి ఎలాగూ నమ్మరన్నాడు. తను పైవాళ్లతో మాట్లాడి రెండు నెలల సస్పెన్షన్‌తో సరిపెట్టిస్తానన్నాడు. పైగా నువ్వు అతని అక్కవి, నువ్వేం చెప్పినా తమ్ముడి కోసం కల్లబొల్లి కబుర్లు చెబుతున్నావంటారు అన్నాడు. అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"అయినా రెండు వందల యాభై నేను చదివాను. నువ్వు కొట్టలేదు."

"మీరు చదవలేదు సార్. ఫోన్ వచ్చింది, కిటికీ దగ్గరికి వెళ్లారు."

"చదివే వెళ్లాను. నాకు బాగా గుర్తు."

ఆయన అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఆమె ఆయన మొహంలోకి చూస్తే, నిజంగానే చదివానని నమ్ముతున్నాడు. ఆయన అంత నిబ్బరంగా అనేసరికి తనే వినలేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా మండింది. ఆమె ఫైలు కోసం చెయ్యి చాచింది. అప్పటికే ఆయన దాన్ని సొరుగులో పెట్టి తాళం తిప్పుతున్నాడు. ఇది నా దగ్గర భద్రంగా ఉంటుంది, రేపు సంతకం పెట్టు చాలు అన్నాడు.

సాయంత్రం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లింది. తీగల నిండా దుప్పట్లు, పిల్లల యూనిఫాంలు, గుమ్మం కర్టెన్లు. తమ్ముడు బక్కెట్టు పక్కన కూర్చున్నాడు. లేవలేదు. నువ్వు నిద్రపోలేదని తెలిసిందిరా అంది. నాకు సోమవారమే తెలుసు అన్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది, తొమ్మిదో లైను దాకా. అతను సబ్బు చేతులతోనే విన్నాడు.

"అంటే, నువ్వు కొట్టిన తప్పుకి నన్ను నిద్రపోయావా అని అడిగావు."

ఆమె తీగ మీంచి జారుతున్న దుప్పటిని సరిచేసింది.

"ఆరేళ్ల కిందట ఒక్కసారి పడుకున్నానక్కా. పాప పుట్టిన వారం. అప్పట్నించీ నేను కళ్లు మూసుకుంటే చాలు, అందరికీ గురక వినపడుతుంది. నీకూ వినపడింది." అని బక్కెట్టు ఎత్తి నీళ్లు పారబోశాడు. "రేపు సంతకం పెడతావా?"

"నోరు మూసుకో" అంది.

"పెడతావా, పెట్టవా?"

"నా మొహం చూసి అడుగుతున్నావా ఆ మాట?"

"నువ్వు నా మొహం చూడకుండానే అడిగావు కదా" అన్నాడు. ఆమె టీ తాగకుండా వచ్చేసింది. మరదలు గేటు దాకా వచ్చింది.

విచారణ మొదటి అంతస్తు మీటింగు గదిలో జరిగింది. పొడుగు బల్ల, పన్నెండు కుర్చీలు, నీళ్ల సీసాలు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి యాభై దాటిన ఆవిడ. నేను ఇంజనీరుని కాను, నాకు అర్థమయ్యేలా చెప్పకపోతే మళ్లీ మళ్లీ అడుగుతాను అని ముందే చెప్పింది. బల్లకి ఒకవైపు డ్రైవరు, మేనేజరు, రూటక్క. ఎదురుగా దర్జీ భార్య. ఆమె ఒళ్లో ఒక సంచీ ఉంది. దాని పట్టీలు రెండూ వదలకుండా పట్టుకుంది.

డ్రైవరు తన మూడు ముక్కలూ చెప్పాడు. దర్జీ భార్య అతని వైపే చూస్తూ వింది. మీ ఇంట్లో వాళ్లకే అయితే ఇలాగే కూర్చునేవాడివా బాబూ అని అడిగింది. నేను కూర్చోలేదమ్మా అన్నాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

తర్వాత మేనేజరు రిపోర్టు చదివి వినిపించాడు. అధికారి రెండు వాక్యాలూ రాసుకుంది. రెండో సంతకం లేదేమని అడిగింది. మేనేజరు పెన్ను తీసి, మూత కూడా తీసి, రూటక్క ముందు పెట్టాడు.

రూటక్క పెన్నుని వెనక్కి తోసింది.

"నేను పెట్టను మేడం. రిపోర్టులో ప్రతి మాటా నిజమే. కానీ కబురు ఫైబర్ మీద వెళ్లలేదు. ఫైబర్ బాగున్నా, దాని మీద ఏడు వారాలుగా ఏదీ వెళ్లలేదు. వెళ్లకుండా చేసింది నేను."

ఫైల్లో పెట్టకుండా తన దగ్గరే ఉంచుకున్న దారుల పట్టీ ప్రింటు బల్ల మీద పెట్టింది. ఆపరేటరు సంతకం, టైము చూపించింది. స్టేషను రూటరు డైరీ చూపించింది. రెండు అంకెల సంగతి చెప్పింది. అధికారి మళ్లీ మళ్లీ అడిగింది, ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. ఈ డ్రైవరు మీకేమవుతాడని కూడా అధికారి అడిగింది. తమ్ముడు అంది. అందుకే చెబుతున్నారా అంది అధికారి. వాడు నాతో మాట్లాడటం లేదు మేడం అంది రూటక్క. డ్రైవరు గోడ వైపు చూస్తున్నాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అంకె తను చదివానని, ఆమె కొట్టలేదని, పొరపాటు మానవ సహజమని, ఆమె మీద చర్య వద్దని తను కోరుతున్నానని చెప్పాడు. ఆ చివరి ముక్క వినగానే రూటక్క చేతులు బల్ల కిందికి తీసుకుంది. బల్ల మీద ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

"కాగితం తెప్పించండి మేడం. సార్ సొరుగులో ఉంది. దాంట్లో రెండు వందల యాభై ఉంది. నేను కొట్టలేదు, అది నా తప్పు. అది చదివానని ఆయన టిక్కు పెట్టారు. అది కూడా దాంట్లో ఉంది."

కాగితం రావడానికి పది నిమిషాలు పట్టింది. తాళం చెవి కనపడలేదని కబురొచ్చింది. అధికారి, అయితే సొరుగే తెప్పించండి అంది. తాళం చెవి కనపడింది.

ఆవిడ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. తొమ్మిదో లైను మీద వేలు పెట్టింది. తర్వాత కాగితం మేనేజరు చేతికిచ్చింది.

"ఆ రోజు ఎలా చదివారో అలా చదవండి. కీబోర్డు లేదు, ఆవిడ బల్ల మీద కొడుతుంది."

మేనేజరు ఇదంతా అవసరమా అన్నాడు. చదవండి అంది ఆవిడ. ఆయన ఏడో లైను నుంచి మొదలుపెట్టాడు. ఆయనది చదవడానికి పుట్టిన గొంతు. మాట మాటకీ మధ్య ఒకే ఎడం, లైను చివర ఒక ఊపిరి. రూటక్క కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లు కదిలించింది. పదకొండేళ్లుగా ఆ వేళ్లకి ఆ గొంతు అలవాటు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా, ఎంటర్ కొట్టే ఆమె కుడిచేతి చిటికెన వేలు బల్ల మీద టక్కుమనేది. ఏడు అయింది. టక్. ఎనిమిది అయింది. టక్. తొమ్మిది మొదలుపెట్టాడు. స్టేషను అంకెలు చదివాడు, రేడియో అంకెలు చదివాడు. వరస అయిపోయింది. కళ్లు కింద వరసలోకి దిగే లోపల ఆయన ఊపిరి తీసుకున్నాడు.

టక్.

"రెండు వందల యాభై" అన్నాడు మేనేజరు.

రూటక్క కళ్లు తెరిచి తన వేలి వైపు చూసుకుంది. మేనేజరు కూడా ఆ వేలి వైపే చూస్తున్నాడు. ఈసారి ఆయనకి ఫోన్ రాలేదు. రావాల్సిన పని కూడా లేకపోయింది.

మొదట మాట్లాడింది దర్జీ భార్య. అధికారిని కాదు, రూటక్కని అడిగింది.

"ఆ ఇంకో దారి బాగానే ఉందన్నావు కదమ్మా. ఆ టైముకి ఖాళీగానే ఉందా?"

"ఉంది."

"మొత్తం ఖాళీయా?"

"మొత్తం."

"నాతో బండి దారిలో ఉందన్నారు. నేను గుమ్మంలో నించున్నాను. ఆయన్ని లోపల వదిలేసి వీధి చివరికి వెళ్లి చూసొచ్చాను, రెండుసార్లు." సంచీ పట్టీలు చేతికి చుట్టుకుంది. "పక్కింటాయనకి కారుంది. బండి వస్తోందన్నారని ఆయన్ని అడగలేదు."

రూటక్క తప్పైపోయిందమ్మా అనబోయింది. దర్జీ భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. ఆ మాట నాకు పెట్టకు. నేనేం చేసుకోను దాన్ని?" అని లేచి డ్రైవరు దగ్గర ఆగింది. బాబూ అని మాత్రం అంది. అతను లేచి నిలబడ్డాడు. ఆమె వెళ్లిపోయింది.

నాలుగింటికి అధికారి తన నోట్ చదివింది. డ్రైవరు మీద రెండు ఆరోపణలూ కొట్టేశారు, సాయంత్రం అయిదింటి డ్యూటీకి వెళ్లొచ్చు. మేనేజరు, రూటర్లు చూసే ఉద్యోగి ఇద్దరూ తదుపరి ఉత్తర్వుల దాకా పనిలోంచి తప్పుకోవాలి, అయిదున్నరకల్లా తాళాలు అప్పగించాలి. మేనేజరు ఏదో చెప్పబోయాడు. అధికారి పెన్నుకి మూత పెట్టింది.

వరండాలో మేనేజరు రూటక్కని దాటుకుంటూ పోయి వెనక్కి తిరిగాడు. నీకు పని నేర్పినందుకు బాగా బుద్ధి చెప్పావమ్మా అన్నాడు. నేర్పింది పూర్తిగా నేర్పాల్సింది సార్ అంది. తమ్ముడు మెట్ల దగ్గర ఉన్నాడు. ఆమె కోసమే ఆగాడో, షూ లేసు కట్టుకోవడానికి ఆగాడో తెలియలేదు.

"నన్ను అడిగే ముందు నీ రూటర్ని అడగాల్సింది" అన్నాడు.

"అవున్రా."

"అవునంటే సరిపోతుందా?"

"సరిపోదు."

అతను తల ఊపి మెట్లు దిగిపోయాడు.

తాళాలు అప్పగించడానికి ఇంకా గంటన్నర టైముంది. రూటక్క రెండో అంతస్తుకి వెళ్లింది. అసలు కాగితం అధికారి దగ్గర ఉండిపోయింది, మళ్లీ ప్రింటు తీసింది. ముప్ఫై ఒక్క లైన్లలో కింద వరసలోకి దిగినవి ఇంకా ఉన్నాయా అని చూసింది. మూడున్నాయి. పద్నాలుగు, ఇరవై రెండు, ఇరవై ఏడు. పట్టీ తెరిచి ఒక్కొక్క స్టేషను చూసింది. పద్నాలుగు సరిగ్గా ఉంది. ఇరవై రెండు దగ్గర ఒకటి అని ఉంది. ఇరవై ఏడు దగ్గర కూడా ఒకటి అని ఉంది. ఏడు వారాలుగా ఇంకో రెండు పేటలు డాబాల మీది వైర్లకి వేలాడుతున్నాయి. వాటి డాబాలకి ఇంకా రంగులెయ్యలేదు, అంతే.

ఆమె టేబులు మీద చేత్తో గట్టిగా కొట్టింది. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూసి వెళ్లిపోయారు. తర్వాత కింద నుంచి ఆపరేటరుని పిలిపించింది. రెండు లైన్లూ పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ ఒకే వరసలో పట్టేలా కాగితం అడ్డంగా తిప్పి రాసింది.

"చదువు. మధ్యలో ఊపిరి తీసుకోకు. అయిపోయాక 'అయిపోయింది' అను. నువ్వు అనేదాకా నేను కొట్టను."

"అయిపోయాక కూడా ఊపిరి తీసుకోకూడదా రూటక్కా?"

"అప్పుడు తీసుకో."

ఆపరేటరు చదివింది. అయిపోయింది అంది. రూటక్క కొట్టింది. రెండోది కూడా. ఇద్దరూ కలిసి పట్టీలో పన్నెండు స్టేషన్లూ పైనుంచి కిందికి చూశారు. అన్నిటి ఎదురుగా ఫైబర్ అని వచ్చింది.

అయిదూ ఇరవైకి, తాళాలు అప్పగించే ముందు, ఒక్కో స్టేషనుకీ పరీక్ష కబురు పంపించింది. స్క్రీన్ మీద పన్నెండు పచ్చ అక్షరాలు వచ్చాయి. వాటిని నమ్మలేదు. ఒక్కో స్టేషనుకీ ఫోన్ చేసి, కబురు చేరిందా, మోగిందా అని అడిగింది. పదకొండు మంది చేరిందన్నారు. పన్నెండోది తమ్ముడి స్టేషను. రెండు రింగులకి ఎత్తారు.

"కబురొచ్చిందా?" అంది.

"వచ్చింది" అని ఫోన్ పెట్టేశాడు తమ్ముడు.

ఆమె ఆ స్టేషను పక్కన టిక్కు పెట్టి, టైము వేసింది.